గురిపలకను దేనితో వ్రేలాడదీయవలెను?

(బళ్ళారిలో జరిగిన మన సంఘ మాసిక సమావేశమున, ఇనుప సామాను వర్తకుల పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



నెలకొక వృత్తిని గూర్చి ఆ వృత్తిలోనివారే తెలుగున ప్రసంగింపవలెనని మన సంఘము ఏర్పాటు చేసినది. బడిలో కన్నడమును ఇంగ్లీషును చదువుకొను మన పిల్లలకు అంగడి తెలుగు కూడ చెవిని పడవలెనని పెద్దల అభిప్రాయము. ఈ నెల వంతు ఇనుప సామాను వర్తకులమైన మాది. మేకులను గూర్చియు తలుపు బందులను గూర్చియు అందరికిని కొంత తెలియును. కావున తెలిసినవారు తక్కువగను, అడుగువారు ఎక్కువగను ఉన్న యొక విషయమును నేడు ఎన్నుకొంటిమి. తుపాకి గురి నేర్చుకొనుటకై వ్రేలాడదీయు ఉక్కు పలకను దేనితో కట్టవలెననునదియే ఆ విషయము.

ఇది మనకేల యని కొందరనుకొనవచ్చును. రైఫిల్ క్లబ్బులలో చేరిన యువకులు, శిక్షణ మైదానములకు సామాను సరఫరా చేయు గుత్తేదారులు మా అంగళ్ళకు వచ్చుచునే యున్నారు. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు కొందరు అచ్చటి మైదానములలో ఈ ఆట నేర్చి, సెలవులకు వచ్చినపుడు దీనిని గూర్చి ముచ్చటించుచున్నారు. వచ్చినవారందరును మొదట అడుగునది ఒక్కటే: “బలమైన గొలుసు ఇవ్వండి.” ఈ ప్రశ్నయే సరియైనది కాదని చెప్పుటకే మేము నిలిచితిమి. వ్రేలాడదీయు వస్తువును బరువును చూచి ఎన్నుకొనరాదు, దెబ్బను చూచి ఎన్నుకొనవలెను. మా ప్రసంగమునకు సారమిదియే.

ముందుగా బరువు సంగతి చూతము. ముప్పది సెంటీమీటర్ల అడ్డుకొలత, 10 మిల్లీమీటర్ల మందము గల గుండ్రని ఉక్కు పలక సుమారు ఐదున్నర కిలోలు తూగును. 8 మిల్లీమీటర్ల గొలుసు కొన్ని వందల కిలోల బరువు నవలీలగా మోయును. అనగా బరువు మోయు పని గొలుసున కొక లెక్క కాదు. ఆ మాటకు వచ్చిన, కొబ్బరినార త్రాడు కూడ ఐదున్నర కిలోలు మోయగలదు. అయినను మైదానమున గొలుసులు తెగుచున్నవి, త్రాళ్ళు తెగుచున్నవి, పలకలు నేల గూలుచున్నవి. కారణము బరువు కాదు గదా!

కారణము తెలియుటకు, గుండు తగిలినపుడు ఏమి జరుగునో చూడవలెను. సైనికులు వాడు 7.62 మిల్లీమీటర్ల రైఫిలు గుండు సుమారు తొమ్మిదిన్నర గ్రాములుండును. అది సెకనుకు సుమారు 840 మీటర్ల వేగముతో తుపాకి వెడలును. అంత వేగముతో దగ్గరనుండియే తగిలినచో, ఐదున్నర కిలోల పలక సెకనుకు ఇంచుమించు ఒకటిన్నర మీటరు వేగముతో వెనుకకు కదలును. స్వేచ్ఛగా ఊగనిచ్చిన ఆ పలక జానెడు లోపుననే పైకి లేచి, దెబ్బను గాలిలో ఖర్చు చేసి, మరల తన చోటికి వచ్చును. కదలనీయక బిగించినచో ఆ దెబ్బ యంతయు ఒక్క క్షణములో బోల్టు మెడమీదను, స్తంభముమీదను పడును. వ్రేలాడదీయుటలోని ప్రయోజనమే ఇది. పలకకు చోటు విడిచిన యెడల దెబ్బ చల్లారును.

భారతమున శాంతిపర్వమునందు భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన కథ యొకటి కలదు. మహావృక్షములను పెకలించి తెచ్చు నదులు ప్రబ్బలి తీగను మాత్రమేల తేకున్నవని సముద్రుడు అడుగగా, వెల్లువ వచ్చినపుడు వంగి, పోయిన తరువాత లేచునది గనుక అది నిలిచినదని గంగ బదులు చెప్పెను. మైదానములోని పలకకును దానిని పట్టి యుంచు పట్టీకిని ఆ నీతియే వర్తించును.

ఇక రెండవ సంగతి. గట్టి పలకమీద తగిలిన సీసపు గుండు పొడిపొడియై, ఆ తునకలు పలక ముఖమును అంటుకొనియున్నట్లుగా నలుప్రక్కలకు చిమ్ముకొనిపోవును. చక్రముచుట్టు ఆకులవలె అవి పలక తలమున కించుమించు సమానమైన దారిని, అంచులు దాటి పోవును. ఆ దారిలో నున్న దేనినైనను అవి కోయును. పలక పై అంచునుండి నిలువుగా పైకి పోవు త్రాడో గొలుసో సరిగా ఆ దారిలోనే యుండును. కనుక గుండు నేరుగా తగులకున్నను, పలకకు తగిలిన ప్రతి గుండును వ్రేలాడదీసిన వస్తువును కొంచెము కొంచెము కొరికివేయుచునే యుండును.

మొదటి సంగతి ఊపు, రెండవ సంగతి కోత. ఈ రెండింటిని ఓర్చునది యేదో అదియే మన్నికైన సరుకు. ఇప్పుడు ఒక్కొక్క వస్తువును ఈ తూనికలో పెట్టి చూతము.

నూలు త్రాడు, నైలాన్ త్రాడు, బరువులు కట్టు నైలాన్ పట్టీ: ఇవి ఊపును బాగుగా ఓర్చును. కాని వేడి సీసపు తునకలకు త్వరగా తెగును. నైలాన్ ఎండకును చివికిపోవును. ఒక పూట ఆటకు చాలునేమో గాని నిలువ యుంచు ఏర్పాటునకు పనికిరావు.

వైరు రోప్: చూచుటకు బలమైనది. ఐనను అది సన్నని తీగలను పేనిన పేనుడు. తునకలు తగిలినకొలది ఒక్కొక్క తీగ తెగి, ముల్లువలె పైకి లేచును. చేత పట్టినవారికి గాయములగును. పైగా పలక ఊగినపుడెల్ల బిగింపు దగ్గర మాటిమాటికి వంగి, లోపలి తీగలు అలసి తెగును. వెలకు తగిన ఆయువు దీనికి లేదు.

గొలుసు: ఇది నడిమి తరగతి సరుకు. చక్కగా ఊగును, తునకలను చాల దినములు ఓర్చును, ఎండకు వానకు చెడదు. కాని దీనిలో మూడు దోషములున్నవి. మొదటిది, రైఫిలు గుండు నేరుగా తగిలిన కడియము తెగిపోవును. రెండవది, కడియములు గుండ్రనివి గనుక తగిలిన గుండు ఏ దిక్కునకు చెదరునో చెప్పలేము. మూడవది, కడియమును కడియమును రాచుకొని అరిగిపోవుట. తప్పక గొలుసే వాడవలసి వచ్చినపుడు దానిని పొట్టిగా ఉంచి, ఒక్క పలకకు రెండు గొలుసులు రెండు చోట్ల తగిలింపవలెను. ఒక్కటియే యైన పలక గిరగిర తిరిగి, అంచు మనవైపు వచ్చి, గుండు వక్రముగా పోవు ప్రమాదము కలదు. విప్పారిన కొక్కెములు దెబ్బకు ఊడిపడును. వాని బదులు మరబిగింపు గల షాకిళ్ళు వాడుట మేలు.

అగ్నిమాపకదళమువారు వాడి విడిచిన నీటి గొట్టము, అనగా ఫైరు హోసు: ఇది నేత గుడ్డ, లోపల రబ్బరు పూత గలది. రెండు మడతలుగా వేసి బోల్టుతో బిగించిన, గుండు దూసికొనిపోయి చిన్న రంధ్రము మాత్రము మిగులును. గుండు చెదరదు. చౌక సరుకు. ఐనను నేత పలుచన గనుక తునకలకు పట్టీకంటె ముందుగా చివుకును. తేలిక తుపాకులకు చాలును.

కన్వేయరు బెల్టు పట్టీ: మా అనుభవమున అన్నిటికంటె మన్నిక గలది ఇదియే. రబ్బరు గనుక ఊపును మ్రింగును. నేరుగా తగిలిన గుండు బెజ్జము చేసికొని వెనుకకు పోవును, గుండు పోయినపిదప రబ్బరు చాలవరకు మూసికొనును. గుండు తిరిగి వచ్చు భయము లేదు. లోపలి గుడ్డ పొరలు ఒకటి తెగినను తక్కినవి పట్టుకొనియుండును. గొలుసు తెగినపుడు ఒక్కసారిగా తెగును, ముందుగా చెప్పదు. పట్టీ తెగుటకు ముందు చిల్లులతోను చీలికలతోను మనకు తెలియజేయును. ఈ తెలియజేయు గుణమే దాని గొప్ప.

ఈ సరుకు మన ప్రాంతమున దొరకుట మన భాగ్యము. సండూరు తాలూకాలోని దోణిమలై గనిలో ఇనుప ఖనిజము కొండపైనుండి బెల్టులమీద దిగుచున్నది. గనులలోను కార్ఖానాలలోను అరిగి తీసివేసిన బెల్టులు తుక్కు వర్తకుల యొద్దకు వచ్చును. గని పనికి అరిగినదైనను గురిపలకకు ఆ బెల్టు ఇంకను మంచి సరుకే.

కాని కొనునపుడు చూచుకొనవలసినవి కొన్ని కలవు. బెల్టులలో గుడ్డ పొరలవి, ఉక్కు త్రాళ్ళవి అని రెండు జాతులున్నవి. అంచు కోసి చూచిన తెలియును. మనకు కావలసినది మూడు నాలుగు గుడ్డ పొరలు గల, 10 లేక 12 మిల్లీమీటర్ల మందపు బెల్టు. ఉక్కు త్రాళ్ళ బెల్టు తొలుచుటకు కష్టము. గుండు తగిలిన తెగిన తీగ ముక్కలు ఎగురును. దానిని తీసికొనరాదు. పిదప బెల్టును వెనుకకు వంచి చూడుడు. పగుళ్ళలో గుడ్డ పొర కనబడినచో, ఎండకును గాలికిని రబ్బరు చచ్చినదని తెలియవలెను. పట్టీ వెడల్పు 7 లేక 8 సెంటీమీటర్లు చాలును. నిడివి బెల్టు పొడవు వెంబడి కోయవలెను, అడ్డముగా కోయరాదు. బెల్టునకు బలమిచ్చు పడుగు పోగులు పొడవుననే సాగును. ఈ మాట నేత తెలిసిన కుటుంబములకు మేము వివరింపనక్కరలేదు.

పలకను గూర్చియు కొంత చెప్పక తప్పదు. పలక చెడ్డదైన పట్టీ ఎంత మంచిదైనను ఫలము లేదు. మామూలు ఎం.ఎస్. పలక బ్రినెల్ కొలతలో ఇంచుమించు 120 నుండి 150 వరకు గట్టిదనము గలది. రైఫిలు గుండు తగిలిన అది గుంటపడును. ఆ గుంటలో పడిన రెండవ గుండు ప్రక్కకు చిమ్మక, గిన్నెలో పోసిన నీరు ఎగసినట్లు కాల్చినవాని మీదికే తిరుగును. కావున రైఫిలునకు బ్రినెల్ 500 తరగతి అరుగుదలకు ఓర్చు ఉక్కు, 10 మిల్లీమీటర్ల మందము తగినది. గని లారీల తొట్ల అడుగున పరచు పలకలలో ఈ జాతి కలదు. 22 బోరు వంటి తేలిక తుపాకులకు 6 మిల్లీమీటర్లు చాలును. గుంట పడిన పలకను, బీటవారిన పలకను వెంటనే తీసివేయవలెను.

ఈ ఉక్కునకు గట్టిదనము వచ్చినది కాల్చి చల్లార్చిన పాకము వలన. మరల వేడి తగిలిన ఆ పాకము చెడి మెత్తబడును. అందుచేత దీనిమీద కడియమును వెల్డింగ్ చేయరాదు. వెల్డింగ్ చుట్టును మెత్తబడిన వలయమున గుంటలు పడును. గ్యాసుతో కోసిన అంచులు కూడ మెత్తబడును. నీటి ధారతోనో, లేజరుతోనో కోయించి, బోల్టు రంధ్రము కూడ అప్పుడే వేయించుకొనుట ఉత్తమము. కడియము అతుకరాదు గనుకనే బోల్టు, పట్టీ కావలసి వచ్చినవి.

బోల్టులలో గుండ్రని తలయు, చతురపు మెడయు గల క్యారేజి బోల్టు మంచిది. తల ముందువైపున నుండును. గుండ్రని బోడితల గనుక గుండు నిలువక జారిపోవును. చతురపు రంధ్రమున మెడ కూర్చొనుటచే బోల్టు తిరుగదు. వెనుకవైపున వెడల్పు వాషరు వేసి, ఊడని నట్టు బిగింపవలెను. మామూలు 4.6 తరగతి కంటె 8.8 తరగతి బోల్టు దెబ్బకు ఆగును. 12 మిల్లీమీటర్లు తగిన లావు. ఆరు మూలల తల గల బోల్టును ముందువైపున పెట్టరాదు. దాని మూలలు గుండును చెదరగొట్టును.

పట్టీ ఎప్పుడును పలక వెనుకనే యుండవలెను. పలకకును పట్టీకిని నడుమ గొట్టపు ముక్కనో, గట్టి స్ప్రింగునో ఉంచిన, వ్రేలాడు స్థానము పలకకు కొంచెము వెనుకకు జరుగును. అంతట పలక తన బరువునకు తానే సర్దుకొని, పై అంచు ముందుకును క్రింది అంచు వెనుకకును వాలి, ముఖము నేలవైపు చూచును. సుమారు 20 డిగ్రీల వాలు మంచిదని ఈ పని తెలిసినవారి మాట. అప్పుడు ముందువైపు వచ్చు తునకలు చాలవరకు నేలనే పడును. మనుష్యుడు తల వంచినట్లు పలక కూడ వంచుకొనవలెనన్నమాట.

పైన అడ్డుగా వేయు దూలమును గూర్చి ఒక్క మాట. ఇనుప గొట్టము వేసిన, చిమ్ము తునకలు దానిని తొలుచును, తగిలి చెదరును. సరుగుడు కర్ర వేసిన తునకలు దానిలో దిగి నిలుచును. కర్ర చెడిన తక్కువ ఖర్చుతో మార్చుకొనవచ్చును. చెడవలసిన చోట చౌక వస్తువును, నిలువవలసిన చోట మేలి వస్తువును పెట్టుట గృహస్థ ధర్మము వంటిది.

వినియోగించువారు పాటింపవలసినవి స్వల్పమే గాని తప్పనిసరి. లైసెన్సును, మైదానపు అనుమతియు లేక తుపాకి ముట్టరాదు. పలక వెనుక మట్టికట్ట యుండవలెను. పట్టీనుండి దూసిపోయిన గుండును ఆపునది అదియే. పిస్తోలునకు 10 మీటర్లకు తక్కువగను, రైఫిలునకు 100 మీటర్లకు తక్కువగను దగ్గరకు పోరాదు. కాల్చువారేగాక చూచువారును, పిల్లలును కంటి అద్దములు ధరింపవలెను. ఉక్కు గుండ్లు, ఉక్కు గుజ్జు గల గుండ్లు పలకమీద కాల్చరాదు. గాలి తుపాకి ఉక్కు గోళీలు కూడ తిరిగి వచ్చును. ప్రతి దినము ఆటకు ముందు నట్టు బిగువును, పట్టీ చీలికలను చూడవలెను. పట్టీ వెడల్పులో సగము చిల్లులైన నాడు మార్చవలెను. ఆట నడుమ పలక పడిపోయిన, అందరి తుపాకులును ఖాళీ యైనవని చూచిన తరువాతనే ముందుకు పోవలెను. చెడ్డ పట్టీ వలని పెద్ద ప్రమాదము ఇచ్చటనే యున్నది. మాటిమాటికి పడిపోవు పలక, మాటిమాటికి మనుష్యుని తుపాకుల ముందునకు పంపును.

ఇక వర్తక సోదరులతో కొన్ని మాటలు. ఎం.ఎస్. పలకకు రంగు పూసి గట్టి ఉక్కని అమ్మజూపిన సరఫరాదారులను మేము చూచితిమి. రంగు వేసిన పిదప కంటికి భేదము తెలియదు. కావున కర్మాగారపు పరీక్షా పత్రము అడుగుడు. పలకమీది ముద్ర సంఖ్యయు పత్రములోని సంఖ్యయు ఒకటియేనా చూడుడు. అంచున ఆకురాయి పట్టి చూడుడు. మెత్తని ఉక్కును ఆకురాయి సులువుగా కొరుకును, 500 తరగతి పలకమీద జారుచు కష్టముమీద కొరుకును. ఇది పూర్తి పరీక్ష కాదు గాని, పచ్చి మోసమును పట్టియిచ్చును.

అడిగినది ఇచ్చి సొమ్ము పుచ్చుకొనుట వర్తకము కాదా యని ఎవరైన అడుగవచ్చును. గొలుసు వెల ఎక్కువ, పాత బెల్టు వెల తక్కువ. గొలుసు అడిగినవానికి గొలుసిచ్చిన లాభము మనదే. కాని “దేనికొరకు?” అని ఒక్క మాట అడిగి, “దీనికి బెల్టు పట్టీ మేలు” అని చెప్పిన నష్టపోవునది కొన్ని రూపాయలు మాత్రమే. అడుగక ఇచ్చిన, ఎవరి బిడ్డ కన్నో పోవచ్చును. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు ఈ బళ్ళారి మైసూరున చేరెను. నాటినుండి మనము ఇచ్చట అల్పసంఖ్యాకులమై యున్నను, మన అంగళ్ళు కన్నడ సోదరుల ఆదరమున నిలిచియున్నవి. ఆ ఆదరము మన భాషను చూచి వచ్చినది కాదు, మన మాటను చూచి వచ్చినది. ఆ మాట నిలుపుకొనుట మన పిల్లలకు మనమిచ్చు ఆస్తి.

కనుక యువకులారా, గురి నేర్చుకొనుడు. అది కంటికిని మనస్సునకును నిలుకడ నిచ్చు విద్య. కాని పలకను కొనునాడు దానిని పట్టియుంచు పట్టీని గూర్చియు, దాని వెనుకనున్న మట్టికట్టను గూర్చియు, ప్రక్కన నిలిచిన మనుష్యుని గూర్చియు ఆలోచింపుడు. సందేహమున్నవారు మాలో ఎవరి అంగడికైనను రావచ్చును. కొనకపోయినను చెప్పుదుము. బెల్టు ముక్కను వంచి చూపుదుము, ఆకురాయి పట్టి చూపుదుము.